ఊడ్చిన ఇల్లు ఖాళీగా ఉండరాదు

ధ్యానమునకు వాక్యభాగములు: మత్తయి సువార్త 12:43–45, 1 రాజులు 19:1–8



కర్ణాటకలోను, తమిళనాడులోను, ఒడిషాలోను, మహారాష్ట్రలోను, యానాములోను తరములుగా స్థిరపడి, తెలుగులోనే ప్రభువును ఆరాధించుచున్న మీ సంఘములను జ్ఞాపకము చేసికొని దేవునికి స్తోత్రములు చెల్లించుచున్నాము.

ఈ మాసము మేము త్రాగుడును గూర్చి ప్రసంగించబోవుట లేదు. త్రాగుడు ఇల్లు కూల్చునని మన సంఘములలో ఎన్నిసార్లు వినలేదు? అది తెలియని ఇల్లాలు మన సంఘములలో ఒక్కతెయు లేదు. మేము మాటలాడదలచినది త్రాగుడు మానిన సహోదరుని గూర్చి. అతడు సాక్ష్యము చెప్పి కూర్చున్న తరువాత వచ్చు సోమవారమును గూర్చి, ఆ తరువాత వచ్చు శనివారపు కూలి డబ్బును గూర్చి, అటు తరువాత వచ్చు సొంతూరి పెండ్లిని గూర్చి. మన ప్రసంగములు సాధారణముగా ముగియుచోటనే ఆ సహోదరుని పోరాటము మొదలగుచున్నది.

మేము చేసిన తప్పు

మొదట మా తప్పిదమునే ఒప్పుకొనుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక మేస్త్రీ ఉండెను. ఇరువది ఏండ్లుగా ప్రతిదినము త్రాగువాడు. ఉజ్జీవ కూటముల ఆఖరి రాత్రి, ఆదివారము, కన్నీళ్లతో ముందుకు వచ్చి మోకరించెను. "ఈ పూటతో సరి అయ్యగారూ, ఇక ముట్టను" అని చెప్పెను. మేమందరము స్తోత్రము పలికితిమి, పాటలు పాడితిమి, ఇంటికి పోయి సుఖముగా నిద్రపోతిమి.

సోమవారము తెల్లవారేసరికి అతని చేతులు వణకసాగెను. టీ గ్లాసు పట్టుకొనలేకపోయెను. ఒళ్లంతా చెమట, గుండె దడ, వాంతులు. కబురు వచ్చినప్పుడు మేము వెళ్లి, ఇది సాతాను పెట్టు శోధన అని చెప్పి, ప్రార్థించి వచ్చితిమి. ఆ రాత్రి అతనికి మూర్ఛ వచ్చి కాళ్లు చేతులు కొట్టుకొనెను. నర్సుగా పనిచేయుచున్న పొరుగింటి అమ్మ ఆటో పిలిపించి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చెను. అక్కడ రెండు దినములు అతడు గోడ మీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. తన భార్యనే గుర్తుపట్టలేదు.

డాక్టరు గారు మమ్ములను ప్రక్కకు పిలిచి చెప్పిన మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది. "ప్రార్థన చెయ్యండి, వద్దనను. కానీ ఇన్నేళ్లు రోజూ తాగినవాడు ఇంట్లో ఉన్నపళంగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. ఈసారి నన్ను కూడా పిలవండి."

దేవుని కృపవలన ఆ సహోదరుడు బ్రతికెను. కాని మా తప్పు అంతటితో ఆగలేదు. అతడు మూడు నెలలు శుభ్రముగా ఉండెను. మేము అతనిచేత రెండుసార్లు సాక్ష్యము చెప్పించితిమి. నాలుగవ నెలలో ఒక చావింటికి పోయినప్పుడు బంధువులు గ్లాసు చేతిలో పెట్టిరి. అతడు త్రాగెను. సిగ్గుతో గుడికి రావడము మానుకొనెను. మేమును వెళ్లలేదు. కొన్ని వారములకు అతని భార్య వచ్చి, గుమ్మములోనే నిలువబడి ఇట్లనెను: "అయ్యగారూ, ఆయన తాగిన రోజుల్లో మీరు రాలేదు. మానిన రోజుల్లోనూ రాలేదు. సాక్ష్యం చెప్పిన రోజున మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు."

మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ దినమునుండి మేము నేర్చుకొనినదే ఈ వ్యాసము. ఇది వ్రాయుటకు ఆ సహోదరుడే మాకు అనుమతి ఇచ్చెను.

ఊడ్చిన ఇల్లు

మత్తయి 12వ అధ్యాయములో ప్రభువు ఒక ఇంటి సంగతి చెప్పెను. అపవిత్రాత్మ ఒక మనుష్యుని విడిచిపోయెను. నీరు లేని చోట్ల తిరిగి, ఎక్కడను నిలువ చోటు దొరకక, మరల పాత ఇంటికే వచ్చెను. ఆ ఇల్లు ఎట్లున్నది? ఊడ్చియున్నది, అలంకరించియున్నది. చూపునకు ఏ లోపమును లేదు. ఉన్న లోపము ఒక్కటే: లోపల ఎవరును కాపురము లేరు. అందుచేత ఆ ఆత్మ తనకంటె చెడ్డవైన మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చి చేరెను. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటి దానికంటె హీనమాయెను.

త్రాగుడు మానుట ఇల్లు ఊడ్చుట వంటిది. అది అవసరమే. అయితే ప్రతి సాయంకాలము రెండు మూడు గంటలు తీసికొనిన అలవాటు పోయినప్పుడు ఆ గంటలు ఖాళీ అగుచున్నవి. స్నేహితుల గుంపు పోయెను, ఆ చోటు ఖాళీ. అలసటకు, దుఃఖమునకు, కోపమునకు త్రాగుడే మందనుకొనిన మనస్సు ఖాళీ. మన భాషలో సారాయికి 'మందు' అను పేరు ఊరకే రాలేదు. ఆ ఖాళీని మనము నింపని యెడల పాతదే తిరిగివచ్చి నింపును.

మన దేశచరిత్రలోను ఈ పాఠము ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మయు ఆ ఊరి స్త్రీలును సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము 1992లో ఊరూరికి ప్రాకెను. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము ఆంధ్రప్రదేశ్‌లో వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలిపోయెను. కర్ణాటకలో 2007లో సారాయి నిలిచిపోగా త్రాగువారు అనేకులు సీసా మార్చుకొనిరి గాని త్రాగుడు మానుకొనలేదు. ఆ తల్లుల పోరాటమును మేము తక్కువ చేయుట లేదు. అది ఎన్నో ఇండ్లలో అన్నము వండించినది. అయితే వీధిలోని దుకాణమును ప్రభుత్వము మూయగలదు గాని, మనిషి లోపలి దుకాణమును మూయుటకు వేరొక పని జరుగవలెను.

దేవుడు మొదట రొట్టె పంపెను

ఆ పని ఎక్కడ ఆరంభము కావలెను? 1 రాజులు 19వ అధ్యాయము చూడుడి. కర్మెలు మీద అగ్ని దింపించిన ఏలీయా, యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, అరణ్యములో ఒక చెట్టు క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. నిన్నటి విజయము నేటి నీరసమును ఆపలేదు. సాక్ష్యము చెప్పిన మరునాడు వణకుచున్న మన సహోదరుడు ఇతనికి దూరపువాడు కాడు.

అప్పుడు దేవుడు ఏమి చేసెను? గద్దించలేదు, ప్రసంగించలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూతను పంపి, లేచి భోజనము చేయుమనెను. వేడి రొట్టెయు నీళ్లును తలయొద్ద ఉండెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవసారి వచ్చి, ప్రయాణము నీ శక్తికి మించినది గనుక ఇంక కొంచెము తినుమనెను. ఆ బలముతోనే అతడు హోరేబు వరకు నడిచెను. మెల్లని స్వరము వినబడినది అక్కడనే. రొట్టె ముందు, స్వరము తరువాత. శరీరమును చేసిన దేవుడు శరీరమును మరచి ఆత్మతో మాటలాడడు.

కాబట్టి మొదటి మాట ఇది. అనేక సంవత్సరములు ప్రతిదినము ఎక్కువగా త్రాగినవారు, తెల్లవారగానే చేతులు వణకి ఒక గ్లాసు పడితేనే నిలకడ కలుగువారు, ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, ఇంటియొద్ద ఒంటరిగా ఒక్కసారి మానుట ప్రమాదము. మానవద్దని మేము చెప్పుట లేదు. వైద్యుని చేతిక్రింద మానుమని చెప్పుచున్నాము. ఆఖరి గ్లాసు తరువాత కొన్ని గంటలకే వణుకు, చెమట ఆరంభమగును. మూర్ఛలు సాధారణముగా మొదటి రెండు దినములలో వచ్చును. రెండవ దినమునుండి నాలుగవ దినము వరకు మతి తప్పుట, లేనివి కనబడుట జరుగవచ్చును. ఇది దయ్యము కాదు, విశ్వాసలోపము కాదు. ఏండ్ల తరబడి మత్తుకు అలవాటుపడిన మెదడు, మత్తు తీసివేయగానే అదుపు తప్పి రేగుటయే. దీనికి ఆసుపత్రిలో మందులున్నవి. మంచి సమరయుడు గాయపడినవాని ప్రక్కన నిలిచి ప్రార్థనతో సరిపెట్టలేదు. కట్టు కట్టెను, వాహనమెక్కించెను, సత్రమునకు చేర్చెను, ఖర్చు భరించెను.

ఆలయమును బాగుచేసికొనుట

మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు వ్రాసెను (1 కొరింథీ 6:19). ఏండ్లకొలది పాడైన ఆలయము ఒక్క ఆదివారములో బాగుపడదు. నెహెమ్యా రాయి మీద రాయి పెట్టినట్లు కట్టుకొనవలెను.

ఆహారము: త్రాగువాడు సరిగా తినడు, తినినదియు ఒంటికి పట్టదు. ముఖ్యముగా బి1 విటమిను తరిగిపోవును. అందుకే వైద్యులు మొదట ఆ సూదిమందు ఇచ్చెదరు. ఇది మిక్కిలి తరిగినయెడల మతి తికమకపడును, నడక తూలును, చూపు రెండుగా కనబడును. అట్టి గురుతులు కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంట దంపుడు బియ్యము, ఉప్పుడు బియ్యము, రాగులు, పప్పులు, వేరుశనగలు, గ్రుడ్లు, చేపలు, ఆకుకూరలు తినుడి. బాగుగా పాలిష్ పట్టిన తెల్లబియ్యములో ఈ విటమిను చాల తక్కువ. తమిళనాడు, ఒడిషాలలోని మన కుటుంబములకు ఉప్పుడు బియ్యము క్రొత్త కాదు గదా. మూడు పూటలు వేళకు తినుడి. కాలేయము చెడినదని వైద్యుడు చెప్పినయెడల ఆయన చెప్పిన పథ్యమే మీకు ప్రమాణము.

నిద్ర: మానిన క్రొత్తలో నిద్ర పట్టదు. కొందరికి వారములు, కొందరికి నెలలు పట్టును. "తాగినప్పుడే నయం, నిద్రైనా పట్టేది" అను తలంపు వచ్చును. అది మోసము. మత్తు నిద్ర, విశ్రాంతి నిద్ర ఒకటి కావు. సాయంకాలము తరువాత కాఫీ, టీ మానుడి. ప్రతిదినము ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేవుడి. నిద్రమాత్రలు మీ అంతట మీరు కొనవద్దు. ఒక సంకెల విప్పుకొని మరియొకటి తగిలించుకొనినట్లగును.

కాలేయము: మానిన తరువాత కొన్ని వారములలోనే కాలేయమునకు పట్టిన క్రొవ్వు తగ్గసాగును. ఇది సృష్టికర్త మనకిచ్చిన కనికరము. అయితే గట్టిపడిన కాలేయము పూర్తిగా మునుపటివలె కాకపోవచ్చును. అట్టివారు మానుటవలన ఇంక చెడకుండ కాపాడుకొనగలరు. కన్నులు పచ్చబడుట, పొట్ట ఉబ్బుట, రక్తపు వాంతి, నల్లని విరేచనము, ఇవి కనబడినయెడల ఆలస్యము చేయవద్దు. నొప్పికి, జ్వరమునకు మాత్ర వేసికొనుటకు ముందు మీ పాత అలవాటును వైద్యునికి దాచక చెప్పుడి. కొన్ని అరిష్టములలోను, ఆసవములలోను, కొన్ని దగ్గుమందులలోను మద్యము ఉండును. అది ఔషధమను పేరుతో లోపలికి వచ్చినను పాత ఆశను లేపగలదు.

పాత అలవాటునకు బదులు ఖైనీ, గుట్కా, బీడీ పట్టుకొనువారున్నారు. ఇది ఇంటిని నింపుట కాదు; దొంగను పంపి వాని తమ్ముని పిలుచుట.

ఆశ అల వంటిది

సామెతలు 23వ అధ్యాయము చివర సొలొమోను త్రాగుబోతును కన్నులకు కట్టినట్లు చూపెను: ఎఱ్ఱని కన్నులు, కారణము లేని దెబ్బలు, ఓడకొయ్య మీద పండుకొనినట్లు ఊగుట. అంతా అనుభవించి, దెబ్బలు తిని, చివర ఆ మనిషి అనుమాట ఏమి? మేలుకొనగానే మరల దానినే వెదకెదనని. మూడువేల ఏండ్ల క్రిందటనే ఈ ఆశ స్వభావము వ్రాయబడినది. కాబట్టి మానిన తరువాతను ఆశ వచ్చుచున్నదని ఏ సహోదరుడును తన రక్షణను సందేహింపనక్కరలేదు. శోధింపబడుట పాపము కాదు. మన ప్రభువే శోధింపబడెను.

ఆశను గూర్చి ఒక మంచి సంగతి వినుడి. అది సముద్రపు అల వంటిది. లేచును, ఎత్తుగా వచ్చును, విరిగి పోవును. ఎక్కువసార్లు పదిహేను నిమిషములనుండి అరగంట లోపల దాని బలము తగ్గును. లేచినప్పుడు మాత్రము ఇది ఎన్నడును తగ్గదు, త్రాగితేనే తగ్గునని చెప్పును. అది అబద్ధము. జీవితకాలమంతయు మానవలెనని తలంచి దిగులుపడవద్దు. ఈ అరగంట మానుడి. అరగంటలు కలిసియే దినము, దినములు కలిసియే సంవత్సరము. మన్నా కూడ ఏ దినమునకు ఆ దినమే కురిసెను గదా.

ఆ అరగంటలో ఏమి చేయవలెను? మొదట ఆ చోటు విడువుడి. యోసేపు పోతీఫరు భార్యతో వాదించుచు నిలువలేదు. వస్త్రము పోయినను పోనిమ్మని పారిపోయెను. రెండు గ్లాసుల మంచినీళ్లో మజ్జిగయో త్రాగుడి. ఏదైన తినుడి. ఒకరికి ఫోను చేయుడి. "నాకు ఇప్పుడు ఆశగా ఉంది" అని ఉన్నది ఉన్నట్లు చెప్పుడి. చీకటిలో పెరుగునది వెలుగులో తగ్గును. నడువుడి, స్నానము చేయుడి, పిల్లల పుస్తకము తీసి చదివించుడి. ప్రార్థించుడి. పెద్ద మాటలు దొరకకపోయినయెడల, మునుగుచున్న పేతురు చేసిన ప్రార్థన చాలును. అది రెండు మూడు మాటలే.

ఆశ ఎప్పుడు వచ్చునో తెలిసికొనుట సగము జయము. ఆకలిగా ఉన్నప్పుడు, కోపముగా ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, అలసియున్నప్పుడు అది తలుపు తట్టును. శోధకుడు ప్రభువునొద్దకు ఎప్పుడు వచ్చెను? నలువది దినములు ఉపవాసముండి ఆయన ఆకలిగొనినప్పుడు. మా మేస్త్రీ సహోదరుడు తనకు ఆశ పుట్టునది సాయంకాలము ఆరు గంటలకు, పని దిగినప్పుడు అని కనుగొనెను. పరిశీలించి చూడగా ఆ వేళ అతనికి ఆకలియు ఉన్నది, అలసటయు ఉన్నది. అతని భార్య ఐదున్నరకు తినుటకు ఒక డబ్బాలో ఉడికించిన శనగలు, ఒక అరటిపండు పెట్టి పంపసాగెను. "సగం పోరాటం ఆ డబ్బాతోనే తగ్గింది అయ్యగారూ" అని అతడు చెప్పెను. దూత ఏలీయాకు తెచ్చిన రొట్టె ఈ కాలములో ఒక స్టీలు డబ్బాలో వచ్చుచున్నది.

ఆశను తగ్గించుటకు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడ ఉన్నవి. వైద్యుడు వ్రాసినయెడల వాటిని వాడుట అవిశ్వాసము కాదు. చక్కెర వ్యాధికి మాత్ర వేసికొను డీకను గారిని మనము అవిశ్వాసి అనుట లేదు గదా.

ముందుగా నిశ్చయించుకొనుట

దానియేలు రాజు బల్లయొద్ద కూర్చున్న తరువాత ఆలోచించలేదు. ముందుగానే తన హృదయములో నిశ్చయించుకొనెను (దానియేలు 1:8). మన సహోదరులకు ఇది మిక్కిలి అవసరము. శనివారము కూలి చేతికి వచ్చు వేళ, దుకాణము లేని దారిని ఇంటికి పోవుట ముందే నిర్ణయించుకొనవలెను. భార్యయో కుమారుడో ఎదురు వచ్చి డబ్బు ఇంటికి చేర్చుట మేలు. యానాములోను, పెద్ద పట్టణములలోను దుకాణము లేని దారి దొరకుట కష్టమే. అట్టి చోట ఒంటరిగా నడువక తోడుతో నడువుడి.

సొంతూరికి పోవు ప్రయాణము మనవారికి పెద్ద గండము. ఏడాదికొకసారి పెండ్లికో, క్రిస్మసుకో, చావుకో రైలెక్కి పోవుదుము. అక్కడి బావలు, మేనమామలు "ఊరొచ్చి కూడా ముట్టవా? మేమంటే లోకువా?" అందురు. "కల్లు చలువరా, దానికేం దోషం?" అందురు. జవాబు ముందే సిద్ధముగా ఉండవలెను, చిన్నదిగా ఉండవలెను: "మానేశాను మావయ్యా. నాకు సోడా ఇవ్వు." అంతే. వాదన పెట్టుకొనవద్దు. ఒంటరిగా పోవద్దు. రాత్రి విందునకు ముందే కడుపునిండ తినుడి. గ్లాసులు తిరుగు వేళకు పిల్లలతో లేచి వచ్చివేయుడి. బంధువులకు కోపము వచ్చినయెడల రానిండు, తెల్లవారి తగ్గును.

కొంచెము త్రాగిన గుండెకు మంచిదని చెప్పువారున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్యములో ఇంత మాత్రము క్షేమమని చెప్పదగిన కొలత లేదని ప్రకటించెను. మరికొందరు పౌలు తిమోతికి కడుపు జబ్బుకై చెప్పిన మాటను ఎత్తుదురు. అది రోగికి చెప్పిన ఔషధము, కొంచెమని కొలిచి చెప్పినది. త్రాగుడుకు బానిసయై విడుదల పొందినవానికి వ్రాసిన చీటీ కాదు. అట్టివానికి ఒక్క గ్లాసు అనునది లేదు; మొదటి గ్లాసే ఆఖరి గ్లాసును పిలుచును.

సంఘము నింపవలసిన చోటు

ఇప్పుడు సంఘములకు మా మనవి. ఖాళీ ఇంటిని ఆ సహోదరుడు ఒక్కడే నింపుకొనలేడు. ఎఫెసీయులకు వ్రాయుచు పౌలు మద్యముతో మత్తులు కావద్దనెను. అక్కడనే ఆగక ఆత్మతో నిండియుండుడనెను. ఆ వెంటనే ఒకరితో ఒకరు పాడుటను గూర్చి వ్రాసెను. నిండుట కలిసి జరుగు పని.

ఆ భార్య మాటలు విన్న తరువాత మా సంఘములో మేము చేసినది చెప్పెదము. ఇద్దరు పెద్దలు, వారమునకు రెండు సాయంకాలములు, ఆరు గంటలకు ఆ ఇంటికి వెళ్లి కూర్చుండిరి. ప్రసంగము లేదు. టీ, కొంచెము మాట, చిన్న ప్రార్థన. అతని చేతికి పని ఇచ్చితిమి. గుడి ప్రహరీ గోడ అతడే కట్టెను. ఆరు నెలలు గడచువరకు సాక్ష్యము చెప్పుమని అడుగలేదు. మొలకను ప్రతిదినము పెరికి వేరు చూచినయెడల అది పెరుగునా?

బల్లయొద్ద పులియని ద్రాక్షరసమునే వాడు మన అలవాటు ఇట్టివారికి గొప్ప కాపుదల. ఇంట రసము కాచి తెచ్చు సహోదరీలు దానిని దినములకొలది నిలువ ఉంచవద్దు, అది పులియును. క్రిస్మసునకు ఇంట ద్రాక్ష వైను చేయు వాడుక బెంగళూరు, చెన్నై ప్రాంతములలో మన కుటుంబములు కొన్నిటికిని అంటినది. ఒక సహోదరుని రక్షించుటకై దానిని మానుట పెద్ద త్యాగమా? పెండ్లి విందులో ఒక్కని నిమిత్తము అందరము నిమ్మరసము త్రాగినయెడల విందు చిన్నబోవునా?

తల్లులకు, భార్యలకు ఒక హెచ్చరిక. మానిపించు పొడి అని, మాత్ర అని భర్తకు తెలియకుండ కూరలో కలిపి పెట్టవద్దు. డైసల్ఫిరామ్ అను మందు కడుపులో ఉండగా త్రాగినయెడల వాంతులు, గుండె దడ కలుగును, రక్తపు పోటు పడిపోవును, ప్రాణము పోవచ్చును. అది వైద్యుడు ఇచ్చి, త్రాగువాడు తెలిసి ఒప్పుకొని వేసికొనవలసినది. మీ కన్నీళ్లు మాకు తెలియును. కాని రహస్యపు మందు దారి కాదు.

సహాయము చేయు స్థలములు ఉన్నవి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఈ వ్యసనమునకు ప్రత్యేక విభాగమున్నది. చెన్నైలో టి.టి. రంగనాథన్ పరిశోధనా సంస్థ 1980నుండి ఈ సేవ చేయుచున్నది. దేశమంతటికి ఉచిత ఫోను నంబరు 14446 ఉన్నది. 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములు మన పట్టణములలోను జరుగుచున్నవి. మన గుడిలో ఒక గది వారమునకు ఒక సాయంకాలము ఇచ్చినయెడల అదియు సువార్త పనియే.

పడినవాడు లేచును

చివరిగా, జారిపడిన సహోదరునికి. నీతిమంతుడు ఏడుసార్లు పడినను లేచునని సామెతలు 24:16 చెప్పుచున్నది. ఒక్క రాత్రి పడుట వలన నీవు నిలిచిన మూడు నెలలు చెరిగిపోలేదు. ఎక్కడ జారితినో చూచుకొని, ఆ మరునాడే లేచి, ఒకరికి చెప్పి, వైద్యునియొద్దకు పోయి, మరల ఆరంభించుము. నిన్ను ముంచునది ఆ గ్లాసు కంటె ఆ తరువాతి సిగ్గే. సిగ్గుపడి గుడికి రాకుండ ఉండవద్దు. రోగి సిగ్గుపడి ఆసుపత్రి మానునా?

సంఘపెద్దలకును ఇదే మాట. తప్పిదములో చిక్కినవానిని సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తేవలెనని గలతీ 6:1 మనకు ఆజ్ఞాపించుచున్నది. క్రమశిక్షణ వలదని మేము అనము. అయితే మొదట అతని ఇంటికి పోయి వచ్చిన తరువాతనే అతని పేరు గూర్చి కమిటీలో మాటలాడుడి.

ఆ మేస్త్రీ మరల లేచెను. నేటికి అతడు నిలిచియున్నాడు. ఇప్పటికిని అప్పుడప్పుడు ఆశ వచ్చుననియే చెప్పును. ఎవరైన క్రొత్తగా మానినయెడల, సోమవారము ఉదయమున మొదట ఆ తలుపు తట్టువాడు అతడే. ఒక చేతిలో డాక్టరు చీటీ, ఒక చేతిలో టిఫిను డబ్బా. లోపలికి పోయి ప్రార్థించుటకు ముందు, "తిన్నావా తమ్ముడూ?" అని అడుగును.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, అలసిన ఏలీయాకు రొట్టె పంపిన దేవా, ఈ సాయంకాలము ఆశతో పోరాడుచున్న ప్రతి సహోదరుని, ప్రతి సహోదరిని ఈ ఒక్క అరగంట దాటించుము. వారి దేహములను బాగుచేయుము. వైద్యులకు జ్ఞానము, భార్యాబిడ్డలకు ఓర్పు, మాకు నడిచి వెళ్లు కాళ్లు దయచేయుము. ఊడ్చిన ఇండ్లలో నీవే వచ్చి కాపురముండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.